ఎర్ర లైటు, మెత్తని ట్రిగ్గర్

లోపలి 31వ రోజు

పాత పుస్తకం నిండిపోయింది. కొత్తది మొదలుపెట్టేటప్పుడు రాసేవాళ్ల పేరు రాయాలని రూలు. దుర్గం శకుంతల, వయసు యాభై నాలుగు, గని కాపలా.

పొద్దున ఆరింటికి గని నోటి దగ్గర నలభై ఐదు డిగ్రీలు. తలుపులు మూసేశాం. సాయంత్రం ఏడు దాకా ఎవరూ పైకి పోకూడదు. ఎండలకు గనిలోకి దిగి నెల అయింది. వానలు పడేదాకా ఇంతే, ఇంకా డెబ్బై రోజులు ఉంటుందేమో.

అయిదు లెవెళ్లూ తిరిగాను. రెండో లెవెల్లో మేకలు బాగున్నాయి. మూడో లెవెల్లో పుట్టగొడుగుల గది ఆరిపోతోంది, నీళ్లు చల్లమని చెప్పాను. నాలుగో లెవెల్లో బడి పిల్లలు గోడలకు సున్నం వేస్తున్నారు. సగం సున్నం వాళ్ల జుట్టులోనే ఉంది.

అయిదో లెవెల్ అన్నిటికన్నా కింద. బొగ్గు తీసిన రోజుల నుంచీ ఊరే నీళ్లన్నీ అక్కడి గుంటలోకి చేరతాయి. మూడు వందల మందిమి తాగేది ఆ నీళ్లే. పంపు నడిపేది పోశం. నన్ను చూడగానే చేయి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకుపోయాడు.

"అక్కా, గిది జూడు. మేక గోరైతే కాదు గదా?"

గోడకు మొన్ననే వేసిన సున్నం మీద అయిదు గీతలు, నా ఛాతీ ఎత్తున. గుంట ఒడ్డున బురదలో అడుగులు కూడా ఉన్నాయి. చూస్తే చిన్నపిల్లలు ఒట్టి కాళ్లతో నడిచినట్టే ఉన్నాయి, కాకపోతే ముందు గోళ్ల గుంటలు పడ్డాయి.

"గుడ్డెలుగు," అన్నాను.

"ఇంత లోపలికెట్లొచ్చింది?"

ఈ లెవెల్ నుంచి ఉత్తరానికి చీలిన సొరంగంలో, అంటే ఉత్తరపు పాయలో, పాత గాలి దారి ఒకటి గుట్ట మీదికి తెరుచుకుంటుంది. నిరుడు దాని కప్పు కూలి పెద్ద కంత పడింది. పైన ఈ ఎండలో ఏ జంతువైనా చల్లటి చోటు వెతుక్కుంటూ వస్తుంది. సర్దార్ ఓదెలుకు చెప్పాను. గనిలో మంచీ చెడూ చూసేది ఆయనే. రైఫిల్ సిద్ధం చేసుకోమన్నాడు.

లోపలి 33వ రోజు

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మధ్యాహ్నం రెండింటికి పోశం, నేను అయిదో లెవెల్‌కు దిగాం. నా రైఫిల్ గాలి ఒత్తిడితో పనిచేసేది. తూటాకు బదులు మత్తుమందు సూది వెళ్తుంది. మందుగుండు తుపాకి గనిలో వాడం. మండే బొగ్గు గాలి ఎక్కడ నిలిచి ఉందో తెలియదు, ఒక్క రవ్వ చాలు. రైఫిల్ గొట్టానికి కింద సైకిల్ ట్యూబు ముక్కతో తెల్ల టార్చి కట్టి ఉంటుంది. నా ముందు పనిచేసినాయన కట్టినది, నేనూ మార్చలేదు.

ఎలుగు గుంట దగ్గరే ఉంది. ముందు దాని వాసన తగిలింది, తర్వాత ముక్కుతో గాలి పీల్చే చప్పుడు వినిపించింది. నేను టార్చి వేశాను. కొత్త సున్నం గోడలు, గాలిలో దుమ్ము; వెలుతురంతా తిరిగి నా కళ్లలోనే పడింది. ఎదుట తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడలేదు. పొగ మధ్యలో నల్లగా కదిలినదాని వైపు ట్రిగ్గర్ నొక్కాను. సూది పంపు గొట్టానికి తగిలి కింద పడింది.

ఆ చప్పుడుకు అది పరుగెత్తింది. దారిలో పోశం ఉన్నాడు.

అంతా కలిపి నాలుగైదు క్షణాలే. అది ఉత్తరపు పాయలోకి వెళ్లిపోయింది. పోశాన్ని వీపు మీద వేసుకుని పైకి తెచ్చాను. ఎడమ చెవి పోయింది. నెత్తి మీద, చెంప మీద కలిపి నలభై రెండు కుట్లు పడ్డాయి. కన్ను దక్కిందని నర్సమ్మ చెప్పింది.

గురి తప్పడానికి కారణం: లైటు.

లోపలి 34వ రోజు

మొదటి లెవెల్లో అందరం కూడాం. పంపు నిన్నటి నుంచి ఆగిపోయింది. రెండు రోజులకోసారి దాని జల్లెడ కడగకపోతే అది తిరగదు, ఎలుగు ఉండగా కిందికి దిగేవాళ్లు లేరు. ట్యాంకులో తొమ్మిది రోజుల నీళ్లున్నాయి.

అయిదో లెవెల్‌కు గోడ కట్టేద్దామన్నారు కొందరు. గోడ కడితే పంపు అవతలే ఉంటుంది గదా అన్నారు మిగతావాళ్లు. ఓదెలు నా వైపు తిరిగాడు.

"వదినా, నీకేం గావాలె?"

"మంచి లైటు. మెత్తటి ట్రిగ్గర్."

"ట్రిగ్గర్ ఎందుకు?"

"బాగా గట్టిగుంది. లాగంగ గొట్టం కదులుతంది."

ఆయన ఇంకేమీ అడగలేదు. స్టోరులో ఎక్కువేమీ లేదని, మూడు తట్టల పుట్టగొడుగులు మారకం ఇస్తే వచ్చే సామాను తీసుకోమని, అంతకు మించి ఇవ్వలేనని అన్నాడు. పోశం భార్య సుగుణ వెనక వరసలో కూర్చుని ఉంది. మీటింగు అయ్యేదాకా నా మీద నుంచి చూపు తిప్పలేదు.

లోపలి 35వ రోజు

ఖాజా చాచా కొట్టు మొదటి లెవెల్లో, పాత దీపాల గది పక్కన. ఆయనకు డెబ్బై దాటాయి. గనిలో మర ఉన్న ఏ వస్తువు పాడైనా ఆయన దగ్గరికే వెళ్తుంది. పదిహేను రోజులకోసారి గని నోటికి వచ్చే బండి వ్యాపారి దగ్గర కొన్ని వస్తువులు చూడడానికని తీసి పెట్టుకున్నాడు. మూడు లైట్లు బల్ల మీద పెట్టాడు.

మొదటిది పెద్దది, దూరం చూపించేది. రైఫిల్‌కు బిగించి ఎత్తి చూశాను. అయిదు నిమిషాలకే గొట్టం ముందుకు వాలిపోయింది. వెలుతురు కూడా పాత టార్చికి అన్నలాంటిది. సున్నం గోడ మీద వేస్తే కళ్లకు చీకట్లు కమ్మాయి. పక్కన పెట్టేశాను.

రెండోది వేలంత ఉంది. బరువే లేదు, చూడముచ్చటగా ఉంది. మనసు దాని మీదే పడింది.

"దీనికి సెల్లు ఏది పడ్తది చాచా?"

"గదే తిరకాసు బేటీ. గా బండాయన దగ్గర తప్ప ఎక్కడ దొర్కది. సెల్లయిపోతే మల్ల ఆయనొచ్చేదాంక చూస్తనే కూసోవాలె."

మూడోది కార్మికులు నెత్తిన పెట్టుకునే పాత టోపీ లైటు. అలాంటివి దీపాల గదిలో ఇరవై ఉన్నాయి. చార్జింగు పెట్టే బల్ల కూడా అక్కడే ఉంది, ఇప్పటికీ పనిచేస్తుంది. చాచా దాని అద్దం తీసి, పాడైపోయిన లారీ వెనక దీపం నుంచి కోసిన ఎర్రటి పలక బిగించాడు.

పరీక్షించడానికి నాలుగో లెవెల్ చివర ఒక నల్ల గొంగడి వేలాడదీశాం. తెల్ల లైటుతో గోడ మెరిసింది, గొంగడి మాయమైంది. ఎర్ర లైటుతో గోడ మసకగా అయింది, గొంగడి అంచులు తెలిశాయి. దుమ్ము కూడా కళ్లకు అడ్డం రాలేదు. జంతువులకు ఎర్ర రంగు సరిగా ఆనదని చాచా అన్నాడు. అది నిజమో కాదో ఎలుగునే అడగాలి. నేను మాత్రం మూడోదే తీసుకున్నాను. వేలంత లైటును బల్ల మీద పెట్టేటప్పుడు మళ్లీ ఒకసారి వేసి ఆర్పి చూశాను. ఆశ ఎవరికి ఉండదు?

లోపలి 36వ రోజు

ఇవాళ ట్రిగ్గర్.

చాచా తీసి పెట్టుకున్న వ్యాపారి సామాన్లలో దీనికి సరిపోయే కొత్త ట్రిగ్గర్ ఉంది. వెన్నలో వేలు పెట్టినట్టు జరుగుతుంది. దానికి పాడి మేకను అడుగుతున్నాడట. ఆ మాట వినగానే దాన్ని మళ్లీ గుడ్డలో చుట్టేశాను. ఎనిమిది మంది చంటిపిల్లలు తాగే పాలవి.

రెండో దారి స్ప్రింగు మార్చడం. చాచా అరగంటలో మార్చాడు. ఖాళీ రైఫిల్ చేతికిచ్చాడు. వేలు ఆనిస్తే చాలు, టక్కుమంది. సంబరపడ్డాను. తర్వాత రైఫిల్‌ను మళ్లీ బిగించి గోడకు ఆనించి నీళ్లు తాగుతుంటే చాచా మోకాలు తగిలి పీట పడింది. ఆ అదురుకే రైఫిల్ మళ్లీ టక్కుమంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"తీసెయ్ చాచా."

"గదే అంటున్న. దీంతోని నువ్వు ఎలుగును కొట్టే ముందు ఎవల్నో ఒకల్ని పండవెడ్తవ్."

మూడో దారి ఖర్చు లేనిది. పాత స్ప్రింగే ఉంచి, లోపల రాసుకునే చోట్లు నునుపు చేయడం, వేలు ఆనే సన్నటి కొక్కేనికి వెడల్పాటి ఇత్తడి తొడుగు వేయడం. సాయంత్రం దాకా పట్టింది. ఇప్పుడు ట్రిగ్గర్ కొంచెం దూరం ఊరికే వస్తుంది, అక్కడ ఒకచోట ఆగుతుంది, ఆ తర్వాత నిదానంగా నొక్కితేనే పేలుతుంది. అంత మెత్తగా లేదు కానీ ఎప్పుడు పేలుతుందో చేతికి తెలుస్తుంది.

చాచా నా కుడిచేతి చూపుడు వేలు పట్టుకుని వంచబోయాడు. సగం దాకా వంగి ఆగిపోయింది.

"ఇది ఎప్పటి సంది?"

"కప్పు రాయి పడ్డప్పటి సంది. రెండేండ్లు."

"తప్పు లైటుదొక్కదానిదే కాదు గదా బేటీ."

నేను చేయి వెనక్కి తీసుకున్నాను.

లోపలి 37వ రోజు

33వ రోజు రాసినదాన్ని దిద్దుతున్నాను. కొట్టివేయడం లేదు. అది అలాగే ఉండనీ.

గురి తప్పడానికి కారణం లైటు ఒక్కటే కాదు. నా వేలు సరిగా వంగదు. ఆ గట్టి ట్రిగ్గర్‌ను రెండు వేళ్లు కలిపి గుంజాల్సి వస్తుంది, గుంజినప్పుడు గొట్టం కుడికి పోతుంది. ఈ సంగతి నాకు రెండేళ్లుగా తెలుసు. చెబితే కాపలా పని తీసేస్తారని చెప్పలేదు. ఈ పని పోతే నేను పుట్టగొడుగుల గదిలో తట్టలు మోసే ముసలిదాన్ని. అందుకే దాచాను.

ఓదెలు దగ్గరికి పోయి ఇదే చెప్పి రైఫిల్ బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు తల గోక్కున్నాడు. తర్వాత నలుగురిని పిలిపించి గొంగడికి సూదులు కొట్టించాడు. చేయి తిరిగినవాడికి పదిలో నాలుగు తగిలాయి. బాగుచేసిన ఆ ట్రిగ్గర్‌తోనే నాకు తొమ్మిది తగిలాయి.

"కోపం నాకు గూడ ఉన్నది వదినా," అన్నాడు. "గని నీళ్లయిపోతున్నయి. నువ్వే పో."

సుగుణకు కూడా చెప్పాలి. నర్సమ్మ గది బయట పోశం బట్టలు ఆరేస్తోంది. నిలబడే చెప్పాను. ఆమె చేతిలో తువ్వాల అలాగే ఉండిపోయింది.

"ఆయనకెరుకనా?"

"ఇంకా ఎర్క లేదు."

"నువ్వే చెప్పాలె. నేను చెప్ప."

"చెప్త. ఈ పనైన తెల్లారే."

తువ్వాల ఆరేసి, అంచులు సాపు చేసి, నా వైపు తిరిగింది. "దిగేటప్పుడు నన్ను పిలువు. లైటొకటి పట్టుకుంట. నీకు రెండో సూది అందియ్యనీకి మనిషుండాలె గదా." కాసేపు ఆగి మళ్లీ అంది, "నీ కోసం గాదు శకుంతలక్కా. నీళ్ల కోసం."

లోపలి 39వ రోజు

పొద్దున పదింటికి దిగాం. ముందు నేను, నా వెనక సుగుణ. వంద అడుగుల వెనక ఓదెలు, ఆరుగురు మనుషులు, బొగ్గు మోసిన పాత బెల్టు ముక్క ఒకటి, బోల్టులు, పాత ఇనుప జాలీ. సుగుణ చేతిలో తెల్ల లైటు ఉంది. సూది తగిలేదాకా వేయొద్దని చెప్పాను.

ఎర్ర వెలుతురులో గుంట నీళ్లు నల్లగా కనిపించాయి. అది అక్కడే నీళ్లు తాగుతోంది. ఆ రోజు నేను చూడలేకపోయినది ఇవాళ కనబడింది. దాని వీపు మీద బొచ్చు పట్టుకుని ఒక పిల్ల ఉంది.

సుగుణ నా భుజం గట్టిగా పట్టుకుంది. నేను ఆగాను. సూది పిల్లకు తగిలితే ఆ మందుకు బతకదు. తల్లి తల ఎత్తి మా వైపు గాలి పీల్చింది. లైటు దాని ముఖం మీదే ఉంది. కళ్లు మూసుకోలేదు, పక్కకు జరగలేదు. మళ్లీ నీళ్లలో మూతి పెట్టింది. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. చివరికి పిల్ల వీపు మీద నుంచి జారి, ఒడ్డుకు వచ్చి నీళ్లు నాకింది.

ట్రిగ్గర్ కొంచెం వచ్చి ఆగింది. ఊపిరి వదిలి నొక్కాను.

సూది తల్లి తొడకు తగిలింది. అది ఎగిరి తిరిగింది, తొడను కొరుక్కుంది, రెండు చుట్లు తిరిగి పంపు దగ్గర కూలబడింది. పనికి పోయి వచ్చినవాళ్లు గడపలో కూర్చున్నట్టు కాసేపు అలా కూర్చుని, మెల్లగా పక్కకు ఒరిగింది. పన్నెండు నిమిషాలు లెక్కపెట్టాక సుగుణ తెల్ల లైటు వేసింది.

పిల్ల ఏడుపు మనిషి ఏడుపులాగే ఉంది. సుగుణ గొంగడి వేసి దాన్ని పట్టుకుంది. మోచేయి పొడుగునా గీరినా వదల్లేదు. ఆరుగురూ తల్లిని బెల్టు మీదకు దొర్లించి ఉత్తరపు పాయలోకి లాక్కుపోయారు. నూట ఎనభై అడుగులు. తర్వాత అక్కడే పాయకు అడ్డంగా జాలీ నిలబెట్టి బోల్టులు బిగించడం మొదలుపెట్టాం. మత్తు గంట ఉంటుంది, కొన్నిసార్లు అంత కూడా ఉండదు.

రెండు బోల్టులు మిగిలి ఉండగా తల్లి చెవి కదిలింది.

"పిల్లను లోపలికి ఇడువు!" అన్నాడు ఓదెలు.

సుగుణ జాలీ కింది సందులోంచి గొంగడి లోపలికి తోసి విప్పింది. పిల్ల పరుగెత్తి తల్లి పొట్ట కిందికి దూరింది. సుగుణ చేయి ఇంకా లోపలే ఉంది. ఓదెలు ఆమెను భుజం పట్టి వెనక్కి గుంజి, మిగిలిన బోల్టులు తన చేత్తో తిప్పాడు. తల్లి లేచి తూలుతూ నిలబడింది. జాలీ దగ్గరికి వచ్చి వాసన చూసింది. పిల్ల వీపెక్కింది. రెండూ గుట్ట వైపు చీకట్లోకి నడిచాయి.

మధ్యాహ్నం ఒంటి గంటకు పంపు తిరిగింది.

పైకి వస్తూ నేను ఓదెలును అడిగాను. "మరి వాటికి నీళ్లు?"

"పైన ఏడన్న ఎతుక్కుంటయి."

పైన నీళ్లు లేవని ఆయనకూ తెలుసు. పాయలోకి ఒక గొట్టం వేసి తొట్టి పెట్టొచ్చు, రోజుకు రెండు బిందెలు చాలు అన్నాను. మనుషులు గొణిగారు. ఒకాయన అయితే పోశం ముఖం చూసి ఆ మాట అనమన్నాడు.

ఓదెలు నిలబడిపోయాడు. "గట్లనే. దెబ్బ తిన్నోడు వద్దంటే వద్దు. నువ్వే పోయి అడుగు."

లోపలి 40వ రోజు

పోశం మంచం మీద కూర్చుని గంజి తాగుతున్నాడు. తలకు కట్టు, ఒక కన్ను ఇంకా వాచి ఉంది. నన్ను చూసి నవ్వబోతే కుట్లు గుంజాయి.

నీళ్ల సంగతి తర్వాత, ముందు ఇది అనుకుని, వేలు సంగతి మొత్తం చెప్పాను. మధ్యలో ఆపలేదు.

గిన్నె పక్కన పెట్టాడు. "రెండేండ్ల సంది ఎర్కనా నీకు?"

"ఎర్క."

"నన్నెందుకు తోల్కపోయినవక్కా మరి?"

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. లేచి వెళ్లిపోదామనుకున్నాను. అప్పుడు గోడతోనే మాట్లాడుతున్నట్టు అన్నాడు:

"కోపమున్నది. పోతదో పోదో తెల్వది."

"సరే."

"ఇంకేదో అడగనీకొచ్చినవంట. సుగుణ చెప్పింది."

నీళ్ల సంగతి అడిగాను.

"గా దినం అది నా మీదికి రాలేదక్కా. ఉరుకుతుంటే నేనడ్డం పడ్డ. దానికి దూపైంది, నీళ్లకొచ్చింది, పిల్ల దూపకు ఏడ్సింది. గింతే." ఇటు తిరిగాడు. "గొట్టమెయ్యమను. వాల్వు మాత్రం నా పంపు దిక్కే ఉండాలె. ఎవలు వడ్తే వాళ్లు తిప్పుడు గాదు."

లోపలి 52వ రోజు

గొట్టం, తొట్టి వేసి తొమ్మిది రోజులైంది. ఇన్నాళ్లూ వాల్వు సుగుణ తిప్పింది. రైఫిల్ నా దగ్గరే ఉంది. వేలు ఎంత వంగుతుందో నెలకోసారి చాచా చూసి ఈ పుస్తకంలో సంతకం పెట్టాలని ఓదెలు రూలు పెట్టాడు. నేనే పెట్టమన్నాను.

ఇవాళ కుట్లు విప్పారు. సాయంత్రం నాలుగింటికి పోశం అయిదో లెవెల్‌కు దిగాడు. చివరి మెట్టు మీద ఆగి గోడ పట్టుకున్నాడు. సుగుణ వాపసు పోదామంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. జాలీ అవతల చీకట్లోంచి ముక్కుతో గాలి పీల్చే చప్పుడు పాయ గుండా వినిపిస్తోంది.

"రైఫిల్ తెచ్చినవా?" అని నన్ను అడిగాడు. 40వ రోజు తర్వాత తనంతట తాను నాతో మాట్లాడడం ఇదే మొదలు.

"తెచ్చిన."

"ఎర్ర లైటు?"

"ఉన్నది."

ఆయన పంపు దగ్గరికి నడిచి వాల్వు మీద చేయి వేశాడు. తల తిప్పకుండానే అన్నాడు, "నా ఎనుక నిలవడక్కా."

నేను వెళ్లి ఆయన వెనక నిలబడ్డాను. ఆయన వాల్వు తిప్పాడు. గొట్టంలో నీళ్లు కదిలాయి. తొట్టి దగ్గర ముందు పెద్ద నాలుక చప్పుడు, తర్వాత చిన్నది. రెండూ ఆగిపోయేదాకా పోశం వింటూ నిలబడి, అప్పుడు వాల్వు కట్టేశాడు.